వెనకే నడిచిన పైడమ్మత్త

పెట్టె తెరిచానో లేదో, పేడ పొగ వాసనా కరిగిన వెన్న వాసనా కలిసి గదంతా కమ్ముకున్నాయి. బయట క్వాలా సెలంగోర్ వాన, పామాయిల్ తోటల మీదుగా వచ్చే ఉక్క వాన. లోపల ఈ చలిదేశపు వాసన. ఉన్ని బట్టలు ఎన్నిసార్లు ఉతికినా, ఎన్ని ఎండల్లో ఆరేసినా ఇది మాత్రం వదలదు. హాల్లోంచి మా అమ్మాయి ముక్కు మూసుకుని, "అమ్మా, ఏటిది? ఏదో సచ్చిపోయినట్టున్నాది లా!" అని అరిచింది. దానికి వచ్చిన తెలుగే నాలుగు ముక్కలు, అందులో ఇలాంటివే ఎక్కువ, చివర ఇక్కడివాళ్ళ ఊతపదం 'లా' ఒకటి. నేను పైనున్న స్వెట్టరు తీసి మొహానికి ఆనించుకుని మంచం మీద అలాగే కూర్చుండిపోయాను. అది పైడమ్మత్త స్వెట్టరు. పోయినసారి కొండ దిగిపోతూ తన ఒంటి మీంచి తీసి నా భుజాల మీద కప్పింది. తిరిగి ఇచ్చేద్దామంటే ఇప్పుడు మనిషి లేదు.

వచ్చే వారం ఒక గుంపును వెంటబెట్టుకుని నేను మళ్ళీ కైలాసం వెళ్తున్నాను. అత్త లేకుండా వెళ్ళడం ఇదే మొదలు. చేతులు సర్దుతున్నాయి గాని మనసు సర్దుకోవడం లేదు. ఆవిడ మీకెవరికీ తెలియదు కదా, ఎవరికైనా చెప్పుకుంటే కాస్త తేలికపడతానేమోనని రాస్తున్నాను.

పైడమ్మత్త నాకు చుట్టం కాదు. తాతల నాడు విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి ఓడలెక్కి ఈ మలాయ్ దేశపు తోటల్లో కూలికి వచ్చినవాళ్ళ పిల్లల పిల్లలం మేమంతా. మాలో కాస్త పెద్దదైన ప్రతి ఆడదీ ఎవరికో ఒకరికి అత్తే. తెలుక్ ఇంటాన్ నుంచి హుటాన్ మెలింటాంగ్ పోయే బస్సులో ఆవిడ చాలా ఏళ్ళు కండక్టరు. బస్సుల్లో కండక్టర్లను తీసేశాక ఊరుకోలేదు. మొదట అద్దె బస్సుల్లో మా వాళ్ళను గుళ్ళకు తిప్పింది, తర్వాత కాశీ, ఆ తర్వాత నేపాల్ మీదుగా కైలాసం. మార్కెట్టు వెనక ఒక ఇరుకు గది, ఒక ఫ్యాను, గోడకి ఒక దేవుడు, అదే ఆఫీసు. క్లాంగ్‌లో నేను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక ఎవరో చెబితే ఆ గదికి వెళ్ళాను.

"ఇంగ్లీసు వచ్చా?" అంది.

"వచ్చు."

"మలాయ్?"

"అదీ వచ్చు."

"నోరు మూసుకోడం వచ్చా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "అదొక్కటే రాదు" అన్నాను. లేచిపోదామనుకుంటుంటే ఆవిడ పకపకా నవ్వింది. "పరవానేదు, నాను నేర్పుతాను. పరాయోళ్ళ ఇంట్లోకి ఎల్తే ముందు అదే కావాల" అంది. ఆ పూటే పనిలో చేరాను.

యాత్రకు ముందు ప్రతి గుంపునూ గుడి పక్క హాల్లో కూర్చోబెట్టి క్లాసు పీకేది. ఎత్తు మీదికి చేరిన మొదటి రోజు ఏ పనీ పెట్టుకోకూడదు, కూకోవాల, నీళ్ళు తాగాల, అంతే. నడక పెలాన్-పెలాన్, మెల్లగా మెల్లగా, అని మలాయ్‌లో రాగం తీసేది. చెవులు కప్పుకోవాలి. బట్టలు ఒకదాని మీద ఒకటి తొడుక్కోవాలి, చెమట పడితే పైది తీసెయ్యాలి. పడుకునేముందు వేడినీళ్ళ సీసా పక్కలో పెట్టుకోవాలి. వేడినీళ్ళలో కలుపుకునే మైలో పొడి పొట్లాలు, ఊరగాయ ఎవరి సంచిలో వాళ్ళకి ఉండాలి, ఎందుకంటే ఆ ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది. తలనొప్పి వస్తే దాచకూడదు. అక్కడి రాళ్ళ మీద ప్రార్థనలు చెక్కి ఉంటాయి, వాటి మీద కూర్చోకూడదు, కుంకం పుయ్యకూడదు, కొబ్బరికాయ కొట్టకూడదు, దేవుడిగదిలో పెట్టుకుందామని సంచిలో వేసుకు రాకూడదు. ఇవన్నీ మావాళ్ళు నిజంగా చేసిన పనులే. అన్నిటికీ తలూపేవాళ్ళు గాని స్నానం దగ్గరికొచ్చేసరికి హాలు హాలంతా గోల.

"తానం సెయ్యకుండా సామి దర్సనమేటి పైడమ్మా, పాపం కాదా?" అని ఒక ముసలావిడ నిలదీసింది.

"సామి నెత్తి మీదే మంచు గడ్డకట్టి ఉన్నాది. నీ తల ఆయనకెందుకు? గోరెచ్చటి నీళ్ళతో మొకం తుడుసుకో, సాలు. జొరమొస్తే నిన్ను మోసేది నాను, సామి కాదు లా!"

అందరూ నవ్వారు. ముసలావిడ మాత్రం మూతి ముడుచుకునే ఉంది. కాని అక్కడికెళ్ళాక తలకి పోసుకోలేదు, నేను చూశాను.

నా మొదటి యాత్రలో, కైలాసం అడుగునున్న దార్చెన్ అనే ఊళ్ళో, అత్త మమ్మల్ని డోల్కర్ ఇంటికి తీసుకెళ్ళింది. డోల్కర్ టిబెటన్, అత్తకంటే కొంచెం చిన్నది, అత్త వెళ్ళినప్పుడల్లా వాళ్ళింట్లో టీ తాగాల్సిందే. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. మా నేపాలీ గైడు పాసంగ్ మధ్యలో మాట అందించేవాడు, కాని సగం సేపు వాడి అవసరమే ఉండేది కాదు. డోల్కర్ పొయ్యి మీంచి టీ దించి గిన్నెల్లో పోసింది. ఉప్పు వేసి, వెన్న వేసి చిలికిన టీ. పాలూ పంచదారా దట్టించిన టీ తాగి పెరిగినదాన్ని, మొదటి గుక్క నోట్లోనే ఉండిపోయింది. అయినా మర్యాద తప్పకూడదు కదా! మా ఇళ్ళల్లో గ్లాసులో వదిలేస్తే ఇంటివాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. ఊపిరి బిగబట్టి గటగటా తాగేశాను. డోల్కర్ వెంటనే నింపింది. మళ్ళీ తాగాను. మళ్ళీ నింపింది. ఎదురుగా అత్త తన గిన్నెలోంచి పిట్ట తాగినట్టు తాగుతూ, నన్ను చూస్తూ కూర్చుంది.

బయటికొచ్చాక చెప్పింది. "కాస్త కాస్త తాగాల. గిన్నె ఖాళీగా ఉంటే ఇంకా కావాలనుకుంటాది ఆ తల్లి. నింపడం ఆవిడికి మర్యాద."

"ముందే సెప్పొచ్చు కదత్తా!"

"సెప్తే మరిసిపోతావు. పొట్ట ఉబ్బితే గుర్తుంటాది."

అదే పూట అసలు గొడవ ఇంకొకటి జరిగింది. మా గుంపులో రాములమ్మ అని ఒకావిడ, మంచి మనిషి, డోల్కర్ మనవరాలి ఎర్రటి బుగ్గలు చూసి ఉండబట్టలేకపోయింది. "ఓలమ్మ, నా దిష్టే తగిలేలా ఉన్నాది!" అంటూ పిల్ల తల మీంచి రెండు చేతులూ దువ్వి, తన కణతలకి ఆనించి మెటికలు విరిచింది. డోల్కర్ మొహం మాడిపోయింది. పిల్లను చటుక్కున వెనక్కి లాక్కుంది. రాములమ్మకి ఏమీ అర్థం కాలేదు, ప్రేమగా చేసినదానికి ఇదేమిటని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇటు రాములమ్మ, అటు డోల్కర్, మధ్యలో మేము బిక్కచచ్చిపోయి కూర్చున్నాం. అత్త ముందు డోల్కర్‌కి రెండు చేతులూ జోడించి తల వంచింది. తర్వాత వచ్చి రాములమ్మ ముందు పీట మీద కూర్చుని, "నాకూ తియ్యవే దిష్టి" అంది. రాములమ్మ ఏడుస్తూనే అత్త తల మీంచి చేతులు దువ్వి మెటికలు విరిచింది, ఫటఫటా మోగాయి. ఇది వీళ్ళు పిల్లలకి చెడు తగలకుండా చేసే పని అని పాసంగ్ వివరించాడు. డోల్కర్ కాసేపు చూసి ఫక్కున నవ్వింది. పిల్లను తీసుకొచ్చి, దాని చెయ్యి రాములమ్మ చేతిలో పెట్టింది. తల కాదు, చెయ్యి.

"మనకది మంచిదే" అంది అత్త తర్వాత, దారిలో. "ఆళ్ళకి బిడ్డ తల మీద పరాయి సెయ్యి పడకూడదు. ఆళ్ళింట్లో ఆళ్ళదే సెల్లుతాది. మన సెయ్యి మంచిదా సెడ్డదా అని ఆళ్ళనెందుకు అడగడం?"

నేనూ తక్కువ తినలేదు. ఇక్కడ మీకు కష్టాలేమైనా ఉన్నాయా అని డోల్కర్‌ని అడగమని పాసంగ్‌తో అనబోతే, అత్త బల్ల కింద నుంచి నా తొడ మీద గిల్లింది. ఎంత గట్టిగానంటే, చాలా రోజులు కమిలిపోయి ఉంది. "నువ్వు రేపు ఇమానమెక్కి పోతావు. ఆవిడ ఇక్కడే బతకాల. అడిగే సరదా నీది, సెప్పినందుకు పడే బాద ఆవిడదా?" అంది. దేశం కాని దేశంలో మర్యాద అంటే నాకు తెలిసింది ఆ గిల్లుడుతోనే.

మేము కొండ చుట్టూ ప్రదక్షిణకి లేస్తుంటే డోల్కర్ అత్త గిన్నె నిండా టీ పోసి, తాగనివ్వకుండా తీసి అటక మీద పెట్టింది. ప్రయాణానికి వెళ్ళేవాళ్ళ గిన్నె అలా నింపి ఉంచుతారట, క్షేమంగా తిరిగొస్తారని. వచ్చాక దాన్ని పారబోసి కొత్తది పోస్తారు. డోల్కర్ ఇంట్లో అత్తకంటూ ఒక గిన్నె ఉందని, అంచు కాస్త పెచ్చు లేచిన నీలం పూల గిన్నె, నాకు అప్పుడే తెలిసింది.

ప్రదక్షిణ దారిలో అన్నిటికన్నా ఎత్తైనది డోల్మా కనుమ. దానికి కాస్త ముందు రాళ్ళ మధ్య ఒక చోటు ఉంది. టిబెటన్లు అక్కడ తమదో, పోయినవాళ్ళదో బట్ట ముక్కో వెంట్రుకలో వదిలి పైకి వెళ్తారు. పాత బతుకును అక్కడ విడిచిపెట్టడమని వాళ్ళ నమ్మకం. అత్త అన్ని యాత్రలు చేయించింది గాని ఆ చోటును ఒక్కసారీ చూడలేదు. నా మొదటి యాత్రలోనే ఎందుకో తెలిసింది. మొదటి మజిలీలో క్లాంగ్ నుంచి వచ్చిన ఒకాయన పెదవులు నీలంగా మారాయి, మాట ముద్దగా వస్తోంది. "రేపు పొద్దున్నకి తగ్గిపోతుంది" అంటున్నాడు. అత్త వినలేదు. గుర్రం తెప్పించి ఆయన్ని ఎక్కించి, తను పక్కనే నడుస్తూ దిగిపోయింది. పాసంగ్‌ని పంపమంటే, "ఆయనకి నొప్పి ఎక్కడో పాసంగ్‌కి ఎవరు సెప్తారు? బయపడిపోడూ?" అంది. కనుమ మేము దాటాం. ఆవిడ దాటలేదు.

మరుసటి సంవత్సరం ఇంకెవరో. ఆ మరుసటేడు మంచు. తర్వాత మళ్ళీ ఎవరో. చివరికి ఒకసారి తిరుగు ప్రయాణంలో జీపులో నాకు కోపం ఆగలేదు. "ప్రతిసారీ నువ్వే దిగాలా? నీకు మొక్కు ఉందని అందరూ అంటారు. నీ మొక్కు ఎప్పుడు తీరుతాది?" అని అరిచినంత పని చేశాను. అత్త నడుముకి కట్టుకున్న చిన్న గుడ్డసంచి విప్పి చూపించింది. లోపల మడతపెట్టిన నీలం రంగు స్కూలు రిబ్బను.

"నా గుంటది" అంది. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. "సీత. ఆయాసం ఉండేది. ఆ పొద్దున్న అమ్మా, ఊపిరాడ్నేదు అన్నాది. నాకు బస్సు టైమైపోనాది. సాయంత్రం దాకా సూద్దాం లే అన్నాను. టిక్కెట్లు సింపుతుంటే హుటాన్ మెలింటాంగ్‌లో ఎవరో బస్సు ఆపి సెప్పినారు." అంతే చెప్పింది. రిబ్బను సంచిలో పెట్టి మళ్ళీ నడుముకి కట్టుకుంది. "నా సేత్తో అక్కడ పెట్టి, ఎల్లిరాయే తల్లీ అని సెప్పాలని. గాని గుంటకి ఇంకేటి తొందర? ఊపిరాడనోడికే తొందర."

అప్పుడు అర్థమైంది ఆవిడ ఎప్పుడూ గుంపులో అందరికన్నా వెనక ఎందుకు నడుస్తుందో. ఒకసారి అడిగితే, "ముందు నడిస్తే కొండ కనిపిస్తాది. ఎనక నడిస్తే ఊపిర్లు ఇనిపిస్తాయి" అంది. నన్నూ పక్కనే నడిపించి నేర్పింది, ఎత్తు ఎక్కే ఊపిరి ఎలా ఉంటుందో, దించాల్సిన ఊపిరి ఎలా ఉంటుందో. ఇప్పటికీ మెట్ల మీద ఎవరు నా ముందు ఎక్కుతున్నా చెవి అటే పోతుంది.

పోయిన సంవత్సరం ఆవిడతో కలిసి చేసిన యాత్ర ఆఖరిది. గుంపులో అందరూ హుషారుగా ఉన్నారు, ఆకాశం తేటగా ఉంది. ఈసారి అత్త చేరుతుందని నేనే లోలోపల గంతులేస్తున్నాను. మొదటి మజిలీ దగ్గరికి వస్తుండగా నా పక్కన ఆ ఊపిరి వినిపించింది. దించాల్సిన ఊపిరి. ఎవరిదా అని ముందున్న గుంపంతా చూశాను. ఎవరిదీ కాదు. అత్తది. "దగ్గు లే" అంది. స్వెట్టరు బొత్తాలు తప్పు కాజాల్లో పెట్టుకుంది, సరిచేసుకోబోతే వేళ్ళు ఆడటం లేదు.

"దిగాలత్తా" అన్నాను.

పైకి చూసింది. ఎదురుగా కొండ, ఎంత దగ్గరగా ఉందో. జీవితంలో ఎవరినీ బతిమాలని మనిషి నా చెయ్యి పట్టుకుంది. "రేపు పొద్దున్న సూద్దాం, గౌరీ. ఒక్క పూట."

ఆ మాట అన్నాక తనే ఆగిపోయింది. తన నోట్లోంచి ఏ మాట వచ్చిందో తనకి తెలిసింది. నాకూ తెలిసింది. నా చెయ్యి వదిలేసింది. "బేగి గుర్రం తెమ్మను" అంది. నేను వెంట వస్తానంటే ఒప్పుకోలేదు. "పాసంగ్ సాలు. ఇన్నేళ్ళకి ఈడికి నా నొప్పి ఎక్కడో తెలుసు. నువ్వు గుంపుని సూడు" అంది. స్వెట్టరు తీసి నా మీద కప్పి, తను దళసరి కోటు వేసుకుంది. గుర్రం ఎక్కాక గుడ్డసంచి విప్పి నా చేతిలో పెట్టింది. "పేరు సెప్పి పెట్టు. సీత అని సెప్పు." అది ఇవ్వడం ఆవిడకి ఎంత కష్టమైందో నేను చూశాను. సంచి నా చేతిలోకి వచ్చాక కూడా వేళ్ళు వెంటనే వదల్లేదు.

మరునాడు కనుమ ఎక్కుతున్నాం. నేను వెనకే నడుస్తున్నాను. ఆ రాళ్ళ చోటు కనిపించింది, రంగురంగుల బట్టలు గాలికి ఎగురుతున్నాయి. పిలిస్తే పలికేటంత దూరం. సరిగ్గా అక్కడ, ఈపో నుంచి వచ్చిన సరోజ అనే టీచరమ్మ ఊపిరి మారింది. గొంతులో నీళ్ళు గుడగుడమన్నట్టు. నాకు ఏడుపొచ్చింది. గబగబా వెళ్ళి పెట్టి వచ్చేస్తే? ఎంతసేపు! కాని సరోజ నా భుజం మీద వాలిపోయింది, ఆ బరువుతో ఇంక ఆలోచించే పని లేకపోయింది. గుంపును రెండో గైడుకి అప్పజెప్పి దిగిపోయాను. దిగుతుంటే గుడ్డసంచి నడుముకి తగులుతూనే ఉంది.

ఖాట్మండూ ఆస్పత్రిలో అత్త మంచం మీద కూర్చుని ఉంది. కిందికొచ్చాక తేరుకుంది. నన్ను చూడగానే, "పెట్టినావా?" అంది.

"నేదత్తా." జరిగింది చెప్పాను.

గోడవైపు తిరిగింది. అటే చూస్తూ అడిగింది. "టీసరమ్మ ఎలాగున్నాది?"

"బాగున్నాది. అన్నం తింటున్నాది."

"మంచి పని సేసినావు" అంది. భుజాలు కదులుతున్నాయి. నేను దగ్గరికి వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు తప్పు సెయ్యనేదు గాని, నన్ను ఏడవనీ." ఆవిడ ఏడవడం నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు.

ఆ తర్వాత ఊపిరితిత్తులు కోలుకోలేదు. కొన్ని నెలలకి తెలుక్ ఇంటాన్‌లోనే పోయింది. పోయే ముందు రోజుల్లో రిబ్బను తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. "నీ దగ్గరే ఉంచు. పెట్టగలిగితే పెట్టు. ఎవుడి ఊపిరైనా మారితే మటుకు ఎత్తుకొని దిగిపో" అంది. పోయిన రోజున మా ఆడవాళ్ళందరూ పేరు పెట్టి పిలుస్తూ గుండెలు బాదుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను. టిబెటన్లు అలా ఏడవరని, పోయినవాళ్ళ పేరు ఎత్తరని, పిలిస్తే వాళ్ళు వెనక్కి తిరిగి చూస్తారని, దారి సాగదని, అత్తే ఒకసారి చెప్పింది. ఆ రోజు నాకు అదేమీ పట్టలేదు. తిరిగి చూస్తే బాగుండుననే పిలిచాను.

ఇప్పుడు డోల్కర్ దగ్గరికి వెళ్ళాలి. ఆవిడకి ఇంకా తెలియదు. పోయినసారి అత్తను దార్చెన్ నుంచి నేరుగా జీపులో దించేశారు, ఆవిడకీ, సరోజని దించిన నాకూ వాళ్ళింటికి వెళ్ళే వ్యవధి లేకపోయింది. బయల్దేరేటప్పుడు డోల్కర్ నింపి ఉంచిన ఆ నీలం పూల గిన్నెలో, తిరిగొచ్చాక పోసే కొత్త టీ పోయనేలేదు. నేను గుమ్మంలో నిలబడగానే డోల్కర్ నా భుజం మీంచి వెనక్కి చూస్తుంది, నాకు తెలుసు, అత్త ఎప్పుడూ అందరికన్నా వెనకే వస్తుంది కదా. పేరు ఎత్తకుండా చెప్పాలి, ఆవిడ ముందు ఏడవకుండా చెప్పాలి. ఎలా చెప్తానో నాకే తెలియదు. చేతులు జోడించి, ఆవిడ పోసిన టీ కాస్త కాస్త తాగుతాను.

వాన తగ్గింది. మైలో పొట్లాలు, వేడినీళ్ళ సీసా, చెవుల టోపీ సర్దేశాను. స్వెట్టరు ఉతకలేదు, అలాగే పెట్టాను. రిబ్బను నడుముకి కట్టుకునే సంచిలోకి వెళ్ళింది. గుంటకి తొందర లేదంటావు, నిజమే అత్తా. నాకే తొందరగా ఉంది. అయినా వెనకే నడుస్తాను.